అల్టిమేట్ వోకల్ రిమూవర్: తెలుగు పాటలోంచి గొంతు ఎంత శుభ్రంగా తీస్తుంది?

పాటలోంచి గొంతు తీసేసి మైనస్ ట్రాక్ చేయడానికి ఇదివరకు రెండే దారులు. కీబోర్డ్ ప్లేయర్ పాట విని, ఇంటర్‌లూడ్లతో సహా అన్నీ మళ్లీ వాయించి ట్రాక్ కట్టాలి. లేదంటే స్టీరియో పాటలో ఎడమ చానల్‌లోంచి కుడి చానల్‌ను తీసివేసే పాత కిటుకు వాడాలి. ఆ కిటుకుతో మధ్యలో ఉండే గొంతుతో పాటు బేస్ గిటార్, కిక్ డ్రమ్ కూడా పోయేవి. రెండు చానళ్లూ ఒకేలా ఉండే మోనో పాటమీద వాడితే మిగిలేది నిశ్శబ్దమే.

ఇప్పుడు ఆ పనిని అల్టిమేట్ వోకల్ రిమూవర్ (అందరూ యూవీఆర్ అంటారు) ల్యాప్‌టాప్‌లోనే చేసిపెడుతోంది. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. గొంతును, వాద్యాలను గుర్తుపట్టేలా శిక్షణ ఇచ్చిన ఫైళ్లను మోడళ్లు అంటారు. వాటిని ఒకసారి దించుకున్నాక నెట్ అక్కర్లేదు. ఈ సమీక్ష 5.6 వెర్షన్ గురించి.

ముందే తీర్పు చెప్పేస్తే: సాధనకు, చిన్న వేదికకు నిస్సందేహంగా వాడొచ్చు. డ్రమ్స్, కీబోర్డ్, గిటార్‌తో చేసిన ఈ ఇరవై ఏళ్ల పాటల్లో ఫలితం చాలా బాగుంటుంది. నాదస్వరం, వేణువు, తబలా ముందుండే పాత పాటల్లో మాత్రం సాఫ్ట్‌వేర్ సగం పనే చేస్తుంది, మిగతా సగం చేత్తో చేసుకోవాలి.

విండోస్‌లో దీన్ని సీ డ్రైవ్‌లోనే పెట్టండి. వేరే డ్రైవ్‌లో పెడితే ఇబ్బందులొస్తాయని తయారుచేసినవాళ్లే హెచ్చరించారు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కనీసం 1060 మోడల్, 6 జీబీ మెమరీ కావాలి. 8 జీబీ ఉంటే నిశ్చింత. కార్డు లేకపోయినా పనవుతుంది, ఆలస్యం అంతే. మెటా పరిశోధకులు తయారుచేసిన డీమక్స్ అనే ఇంజన్ ఇందులో ఉంది. మామూలు ప్రాసెసర్ మీద అది పాట నిడివికి సుమారు ఒకటిన్నర రెట్లు సమయం తీసుకుంటుంది. దాని 'ఎఫ్‌టీ' మోడల్‌కు అంతకు నాలుగింతలు పడుతుంది. అంటే 5 నిమిషాల పాటకు అరగంట. మధ్యలో మెమరీ చాలడం లేదని ఆగిపోతే సెగ్మెంట్ సైజు (ఒక్కో విడతలో తీసుకునే పాట ముక్క) తగ్గించండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

వాడే పద్ధతి ఇది. రెంచీ గుర్తు నొక్కి డౌన్‌లోడ్ సెంటర్‌లోంచి మోడల్ తెచ్చుకోవాలి. పాటను, అవుట్‌పుట్ ఫోల్డర్‌ను చూపించి, ప్రాసెస్ మెథడ్‌లో ఎండీఎక్స్-నెట్ ఎంచుకోవాలి. మైనస్ ట్రాక్ కావాలంటే 'ఇన్‌స్ట్ హెచ్‌క్యూ 3' మోడల్‌తో మొదలుపెట్టండి. గొంతు మాత్రమే కావాలంటే 'కిమ్ వోకల్ 2' మెరుగు. మొత్తం పాట నడిపే ముందు 30 సెకన్ల శాంపిల్ మోడ్ టిక్ పెట్టి రెండు మూడు మోడళ్లు పోల్చి చూసుకుంటే గంటలు మిగులుతాయి. డ్రమ్స్, బేస్, గొంతు, మిగతావి అని నాలుగు ముక్కలు కావాలంటేనే డీమక్స్‌కు వెళ్లండి. దాని ఆరు ముక్కల మోడల్ పియానోను కూడా విడదీస్తుంది కానీ ఆ పియానో వినదగ్గట్టు ఉండదు.

అవుట్‌పుట్ తప్పకుండా వేవ్ (కుదించని ఆడియో ఫైలు) లోనే తీసుకోండి. నిమిషానికి 10 ఎంబీ దాకా అవుతుంది, అయినా సరే. ఎంపీ3 చేస్తే మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరి ట్రాక్ అసలు పాట కన్నా జరుగుతుంది. ఆ తేడా కింద చెప్పబోయే పనికి అడ్డం. ఇన్‌పుట్ కూడా సీడీ నుంచి తీసినదైతే మేలు. 128 కేబీపీఎస్ ఎంపీ3లో పైస్థాయి శబ్దాలు ముందే కోతపడి ఉంటాయి, గొంతు తీశాక తాళాలు, గజ్జెలు నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు ఉంటాయి.

ఇక అసలు చిక్కు. ఈ రంగంలో మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి ఎక్కువగా వాడే మ్యూస్‌డీబీ సంకలనంలో ఉన్నవి 150 పాటలు, దాదాపు అన్నీ పాశ్చాత్య పాప్, రాక్. అందుకే మోడల్‌కు డ్రమ్స్ అంటే డ్రమ్ కిట్టే. తబలాలో ఎడమచేతి డగ్గా గుమ్మనే మోత బేస్‌లోకి పోతుంది, కుడిచేతి దెబ్బ డ్రమ్స్‌లోకి పోతుంది, మిగతాది ఇంకెక్కడికో. నాదస్వరం, షెహనాయ్, వేణువు, కమాను వయొలిన్ గమకాలతో సాగితే వాటిని గొంతు అనుకుని తీసేస్తుంది. పల్లవికి ముందు వచ్చే వేణువు బిట్ మైనస్ ట్రాక్‌లో మాయమైతే కారణం ఇదే.

దీనికి విరుగుడు చాలా సులువు, ఫలితం మాత్రం గొప్పగా ఉంటుంది. గొంతు లేని ఇంటర్‌లూడ్లలో విడదీసిన ట్రాక్ మనకెందుకు? ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో అసలు పాటను, మైనస్ ట్రాక్‌ను కిందా పైనా పెట్టి, ఎవరూ పాడని చోటల్లా అసలు పాటనే అతికించండి. అతుకు దగ్గర 20 నుంచి 50 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే మరొకటి పెరగడం) ఇస్తే టప్‌మన్న చప్పుడు రాదు. గొంతు ప్రతిధ్వని పూర్తిగా ఆగాకే అతకాలి, లేకపోతే చరణం చివరి అక్షరం దెయ్యంలా వెంటాడుతుంది. ఇలా చేస్తే ట్రాక్‌లో గొంతులేని భాగమంతా అసలు నాణ్యతతోనే ఉంటుంది.

గొంతు, వేణువు కలిసి నడిచే చోట ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ రెండు మోడళ్ల ఫలితాలను కలిపే ఎన్‌సెంబుల్ మోడ్‌లో 'యావరేజ్' పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ కాస్త భాగం మనిషి వాయించాల్సిందే. కోరస్ ఉంచి ప్రధాన గొంతు ఒక్కటే తీయాలంటే ప్రాసెస్ మెథడ్‌లో వీఆర్ అనే విభాగం ఎంచుకుని, అందులో కరోకే పేరుతో ఉన్న మోడళ్లు ప్రయత్నించండి. యుగళగీతంలో ఒకరి గొంతు ఉంచి మరొకరిది తీయడానికి మాత్రం వీటిని నమ్ముకోవద్దు.

శ్రుతి మార్చేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నాలుగు ముక్కలూ విడిగా ఉన్నాయి కదా అని తాళవాద్యాలను వదిలేసి మిగతావి మారుస్తారు. డ్రమ్ కిట్ అయితే అలాగే చేయాలి, దెబ్బలో పదును పోదు. తబలా, మృదంగం శ్రుతి చేసిన వాద్యాలు. వాటినీ కలిపి మార్చకపోతే గాయకుడు ఒక శ్రుతిలో, తబలా మరో శ్రుతిలో ఉంటారు. మార్పు రెండు సెమీటోన్ల (కీబోర్డ్‌లో పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒక సెమీటోన్) దాకా బాగుంటుంది, మూడు దాటితే వయొలిన్లు కృత్రిమంగా మారతాయి.

ఈ సాంకేతికత విలువేమిటో 2023లో బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ చివరి పాటతో లోకమంతా చూసింది. పాత క్యాసెట్‌లో పియానోతో కలిసిపోయిన జాన్ లెనన్ గొంతును ఇలాంటి పద్ధతితోనే విడదీశారు. మన వాద్యాలకు అంత శుభ్రత రావాలంటే ఒక్కో వాద్యం విడివిడిగా ఉన్న రికార్డింగులు కావాలి. కర్ణాటక కచేరీల బహుళ ట్రాకులతో సరాగ అనే సంకలనం ఉంది కానీ అవి వేదికపై తీసినవి, ఒకరి మైకులో పక్కవారి వాద్యం కూడా పడుతుంది. మన సినిమా పాటల మల్టీట్రాకులు స్టూడియోల్లో, సంగీత దర్శకుల హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. హక్కుదారులు వాటిలో కొన్నైనా శిక్షణ కోసం ఇస్తే డప్పుకూ నాదస్వరానికీ సొంత మోడళ్లు వస్తాయి.

గొంతు తీసేసినంత మాత్రాన ట్రాక్ మనదైపోదు. పాట, రికార్డింగ్ హక్కులు 1957 కాపీరైట్ చట్టం కింద వాటి యజమానులవే. యూట్యూబ్‌లో పెడితే హక్కులున్న పాటలను దానంతటదే గుర్తించే కంటెంట్ ఐడీ వ్యవస్థ పట్టుకునే అవకాశం ఎక్కువ. టికెట్టు పెట్టి కార్యక్రమం చేసేవారు లైసెన్సు సంగతి ముందే చూసుకోవాలి. చివరగా, కార్యక్రమానికి ముందు ట్రాక్‌ను వేదిక స్పీకర్ల మీద ఒకసారి మోనోలో వినండి. హెడ్‌ఫోన్లలో తెలియని గొంతు నీడలు అక్కడ బయటపడతాయి.