కడపలో పిల్లల ‘పంచతంత్రం’ సెట్టు కొనేవాళ్లు జాగ్రత్త

కడపలో చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. “ఒరిజినల్ పంచతంత్రం, 12 రంగుల బొమ్మల పుస్తకాలు, ఎమ్మార్పీ 1,499, ఈ వారం మాత్రమే 499” అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతోంది. అదే సెట్టును కోటిరెడ్డి సర్కిల్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో టేబుళ్ల మీద పేర్చి అమ్మారు కూడా. నేను అక్కడే కొన్నాను. డబ్బులు పోయినందుకు కాదు, ఆ పుస్తకాల్లో కథలను చేసిన తీరు చూసి ఒళ్లు మండి ఇది రాస్తున్నా.

సెట్టు మొత్తం ప్లాస్టిక్ కవర్లో సీల్ చేసి ఉంటుంది. ఒక్కటి విప్పి చూపించమంటే “సీల్ తీస్తే మళ్లీ ఎవరూ తీసుకోరు మేడం” అంటారు. శాంపిల్ అని చేతికిచ్చే పుస్తకం మాత్రం దిట్టంగా, అట్టతో సహా బాగుంటుంది. లోపల వచ్చేవి వేరే. కాగితం పలచన, మధ్యలో కొట్టిన పిన్నులు అప్పుడే పైకి లేచి ఉన్నాయి. తడి వేలు తగిలితే చాలు, నక్క తోకలోని నారింజ రంగు వేలికి వచ్చేస్తోంది. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఇది మామూలు విషయం కాదు.

ఇక కథలు. పంచతంత్రంలో మొదటి భాగమైన మిత్రభేదంలో కుందేలు, సింహం కథ అందరికీ తెలిసిందే. కుందేలు ఆలస్యంగా పోయి, దారిలో ఇంకో సింహం అడ్డుపడిందని అబద్ధమాడి, సింహాన్ని బావి దగ్గరికి తీసుకుపోయి దాని నీడనే దానికి చూపిస్తుంది. ఇందులో నీడ బొమ్మ కుదిరితేనే కథ. వీళ్ల పుస్తకంలో బావిలో నిజంగానే ఇంకో సింహం కూర్చుని ఉంది! జూలు రంగు వేరు, మొహం పక్కకు తిప్పుకుని ఉంది. ఆ పేజీలో కుందేలు అసలు లేదు. మా వాడు బొమ్మ చూసి, “అయితే కుందేలు నిజమే చెప్పింది కదా మా” అన్నాడు. వాడి తప్పేముంది, బొమ్మ చెప్పేది అదే. చదవడం రాని పిల్లలకు బొమ్మే కథ.

కోతి, మొసలి కథ ఇంకా ఘోరం. పంచతంత్రంలో నాలుగో భాగమైన లబ్ధప్రణాశానికి మూలకథే ఇది. మొసలి పెళ్లాం కోతి గుండె కావాలని పట్టుబట్టడం, నది మధ్యలో కోతికి సంగతి తెలియడం, “గుండె నేరేడు చెట్టు మీదే పెట్టి వచ్చానే, ముందే చెప్పొద్దూ” అని వెనక్కి తిప్పించడం... ఇవేవీ లేవు. మొసలి కోతిని ఇంటికి పిలిచింది, కోతి పోయింది, ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. అంతే! పసిపిల్లలకు చంపడం, తినడం వద్దనుకుంటే ఆ కథ వేయకుండా ఉండొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. జిత్తు తీసేసి జిత్తులమారి కథ అని అమ్మడం ఏం న్యాయం? మా అత్తమ్మ నోటితో చెప్పే కథ విన్న పిల్లాడు ఈ పుస్తకం రెండో పేజీలోనే మూసేశాడు. ఆ కోతికి ఒక పేజీలో రెండు తోకలు, ఇంకో పేజీలో తోకే లేదు. ఏఐ చేత గీయించి, మళ్లీ ఎవరూ చూసుకోలేదని నా అనుమానం.

‘ఒరిజినల్ పంచతంత్రం’ అన్న మాట కూడా నిజం కాదు. ఈ సెట్టులో ఉన్న కుందేలు, తాబేలు పందెం ఈసపు కథ. అందని ద్రాక్ష కూడా అంతే. ఇందులోనే ఉన్న అనాన్సి అనే సాలీడు ఘనాలోని అకాన్ ప్రజల కథల్లోది. ఆ కథలు మన పిల్లలకు చెప్పడం మంచిదే, ఎక్కడివో రాస్తే ఇంకా మంచిది. అనాన్సి నీళ్లు చల్లి, వాన పడుతోందని కందిరీగలను నమ్మించి, సొరకాయ బుర్రలోకి దూరమని చెప్పి మూత బిగిస్తాడు. ఈ పుస్తకంలో “కందిరీగలను పట్టుకున్నాడు” అని ఒక్క ముక్క. ఎనిమిది కాళ్లుండాల్సిన సాలీడుకు బొమ్మలో ఆరే! బ్రౌన్ పేరు మీద లైబ్రరీ ఉన్న ఊళ్లో ఇట్లాంటి పుస్తకాలా అనిపించింది.

ధర సంగతి వినండి. 1,499 స్టిక్కరు గోటితో గీకితే కింద ఒక్కో పుస్తకం మీద “వెల రూ. 30” అని అచ్చయి ఉంది. పన్నెండింటికి 360. అంటే డిస్కౌంట్ పేరుతో అచ్చు ధర కంటే 139 ఎక్కువ తీసుకున్నారు. పబ్లిషర్ పేరు, అడ్రసు ఎక్కడా లేవు. పన్నెండు పుస్తకాల వెనకా ఒకటే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు). ఒక్కో పుస్తకానికి ఆ నంబరు వేరుగా ఉండాలి, మన దేశంలో దాన్ని ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. కొనే ముందు రెండు పుస్తకాలు తిప్పి వెనక నంబర్లు పోల్చండి, సగం బండారం అక్కడే బయటపడుతుంది. లోపల చూసే వీలుంటే మొదటి పేజీ కాదు, కథలో మోసం జరిగే పేజీ తెరవండి. బావి, నది మధ్య, సొరకాయ బుర్ర. అది సరిగా లేకపోతే మిగతాది చూడక్కర్లేదు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే, “పిల్లలకు బొమ్మలుంటే చాలు కదక్కా, ఎవరు చదువుతారు” అన్నాడు. డబ్బు వెనక్కి అడిగాక నంబరు బ్లాక్ చేశాడు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అమ్మినవాడు ఏ ఊరివాడైనా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. బిల్లు అడిగితే చిత్తుకాగితం మీద రాసిచ్చారు కాబట్టి ఫోన్‌పే స్క్రీన్‌షాటే నాకు ఆధారం.

ఈలోపు కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. అచ్చు పుస్తకమే కావాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం చూడండి.

ఈ నెలాఖరుకు ప్రొద్దుటూరులో ఈ అమ్మకం పెడతామని ఆ సెట్టు అమ్మేవాళ్ల వాట్సాప్ స్టేటస్‌లో చూశాను. అక్కడ మీ వాళ్లుంటే ఇది పంపండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ స్టిక్కరు, కవరు పారేయకుండా ఫొటో తీసి పెట్టుకోండి.