ట్రాక్టర్‌తో నడిచే వుడ్ చిప్పర్లు: కొన్నవారి అనుభవాలు, నాణ్యతపై నా అంచనా

హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు తోటలున్న వారికి ఏటా మామిడి కోత ముగిశాక, అంటే జూన్, జూలై నెలల్లో, కొమ్మల కత్తిరింపు పని మీద పడుతుంది. కొట్టిన కొమ్మలు గుట్టలుగా పేరుకుపోతాయి. వాటిని తోటలోనే తగలబెడితే పొగతో పాటు చెట్ల మొదళ్ల దగ్గరి నేల కూడా మాడిపోతుంది. బయటికి తరలిద్దామంటే ట్రాలీ కిరాయి, కూలి కలిసి తడిసి మోపెడవుతాయి. అందుకే ట్రాక్టర్ పీటీఓ (ఇంజిన్ బలాన్ని బయటి యంత్రాలకు అందించే వెనక ఇరుసు) షాఫ్టుతో నడిచే వుడ్ చిప్పర్లను, అంటే కొమ్మలను చిన్న ముక్కలుగా నరికే యంత్రాలను, ఇక్కడి తోటల వారు, నర్సరీల వారు కొనడం మొదలుపెట్టారు. మా తోటలోని యంత్రంతో మాకు కలిగిన అనుభవాన్ని, చుట్టుపక్కల కొన్న రైతులు, నర్సరీ యజమానులు, కిరాయికి తిప్పేవారు చెప్పిన మాటలను, వారి యంత్రాలను విప్పినప్పుడు కళ్లారా చూసిన వాటిని కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంత డబ్బు పెట్టే ముందు యంత్రంలో ఏ భాగాన్ని చూసి నాణ్యతను అంచనా వేయాలో తోటి రైతులకు తెలియాలన్నదే నా ఉద్దేశం.

అమ్మేవారు ముందుగా చెప్పేది అంగుళాల లెక్క. నాలుగంగుళాల యంత్రం, ఆరంగుళాల యంత్రం అని చెబుతారు. బీఎక్స్ 42, బీఎక్స్ 62 అనే పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఈ పేర్లు కెనడాకు చెందిన వాలెన్‌స్టీన్ కంపెనీ మోడళ్లవి. చైనాలోని పలువురు తయారీదారులు అదే ఆకారంలో, అవే అంకెలతో యంత్రాలు చేస్తున్నారు కాబట్టి ఒకే పేరుతో అమ్మే రెండు యంత్రాల్లో ఇనుము మందం, కత్తులు బిగించి తిరిగే చక్రం బరువు, కత్తుల బోల్టు రంధ్రాల మధ్య దూరం ఒకేలా ఉంటాయని నమ్మడానికి వీల్లేదు. పైగా అంగుళాల లెక్క తెలిపేది నోటి వెడల్పును మాత్రమే. అంత లావు కొమ్మను పొద్దంతా నరకగలదా లేదా అన్నది చక్రం బరువును, ట్రాక్టర్ బలాన్ని బట్టి ఉంటుంది. ఆరంగుళాల యంత్రం కొన్నవారు పచ్చి సుబాబుల్ కొమ్మను నాలుగంగుళాల వరకు ఇబ్బంది లేకుండా వేస్తున్నామని, ఎండిన తుమ్మ అయితే అందులో సగం లావు దాటనివ్వడం లేదని నాతో చెప్పారు. మా అనుభవమూ అదే.

ట్రాక్టర్ బలం విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. 45 హెచ్‌పీ ట్రాక్టర్ పీటీఓ దగ్గర ఇచ్చే బలం 45 ఉండదు; మోడల్‌ను బట్టి 38, 40 దగ్గర ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో ఉన్న ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఇచ్చే నివేదికల్లో ఈ పీటీఓ బలాన్ని విడిగా చూపిస్తారు. చిప్పర్ కరపత్రంలో అడిగిన హెచ్‌పీని ఆ అంకెతో పోల్చుకోవాలి.

డిస్క్ రకం చిప్పర్లలో నరికే పనిని సగం చేసేది బరువైన చక్రం. కొమ్మ తగిలిన ప్రతిసారీ వేగం కొద్దిగా పడుతుంది, చక్రంలో నిలవ ఉన్న శక్తి ఆ దెబ్బను భరిస్తుంది, ఇంజిన్ మళ్లీ వేగాన్ని అందిస్తుంది. ఆ శక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి నిమిషానికి 540 చుట్ల నుంచి 400 చుట్లకు పడిపోయిన చక్రంలో మిగిలేది దాదాపు సగమే. చక్రం తేలికగా ఉన్న యంత్రాల యజమానులందరి ఫిర్యాదూ దీని చుట్టూనే తిరుగుతుంది: ఇంజిన్ మూలుగుతుంది, కొమ్మ మధ్యలో ఆగుతుంది, పనివాడు దాన్ని వెనక్కి లాగుతాడు, వేగం పుంజుకున్నాక మళ్లీ తోస్తాడు. డీజిల్ మాత్రం ఆగకుండా కాలుతూనే ఉంటుంది. కొనేటప్పుడు మొత్తం యంత్రం బరువుతో సరిపెట్టుకోకుండా చక్రం ఒక్కదాని బరువెంతో, అది ఎంత మందం పలకతో చేసిందో అడిగి రాయించుకోవడం అవసరం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ యంత్రాల నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు అందరూ కత్తుల గురించి మాట్లాడతారు. కత్తి డీ2 అనే, త్వరగా అరగని రకం స్టీలా, మరొకటా, ఎంత గట్టిదనం పోశారు అని అడుగుతారు. ఆ ప్రశ్న సరైనదే, కానీ మా చుట్టుపక్కల పాడైన యంత్రాలను చూసిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, తోట యజమానులను ఎక్కువగా ఏడిపించింది కత్తి కాదు, కత్తి కూర్చునే చోటు. బాలానగర్‌లో కత్తులకు సాన పట్టించడానికి వెళ్లినప్పుడు అక్కడి పనివాడు కత్తులను పక్కన పెట్టి చక్రాన్ని చూపించమన్నాడు. తుడిచి చూశాక, "కత్తులు మంచిగనే ఉన్నయి సార్, అవి కూసునే జాగనే ఖరాబైంది" అన్నాడు. ఆ చక్రం పొరుగు తోటవారిది. కత్తి ఆనే గాడిని మిల్లింగ్ (యంత్రంతో కచ్చితమైన కొలతకు చెక్కడం) చేయకుండా గ్రైండర్‌తో చదును చేసి వదిలేశారు. స్కేలు నిలబెట్టి వెలుతురుకు పట్టుకుంటే మధ్యలో సన్నని గీత కనిపించింది. ఆ సందులోకి చెక్క పొట్టు, జిగురు చేరాయి. కత్తి కొట్టుకున్న ప్రతిసారీ వెంట్రుకవాసి కదిలింది. బోల్టు రంధ్రాలు గుండ్రంగా ఉండాల్సినవి కోలగా సాగిపోయాయి. బోల్టులు ఎన్నిసార్లు బిగించినా పొద్దుగూకేలోగా వదులవుతున్నాయని వారు వాపోవడానికి కారణం అక్కడుంది. దాన్ని మళ్లీ మిల్లింగ్ చేయించి, బోల్టు రంధ్రాలకు బుష్‌లు (లోపలి తొడుగులు) వేయించి, చక్రాన్ని బ్యాలెన్స్ చేయించిన తరువాతే ఆ యంత్రం అదరడం ఆగింది.

చక్రం మీది కత్తికి ఎదురుగా చట్రానికి బిగించి ఉండే కింది కత్తిని చాలామంది కొన్న రోజు నుంచి ముట్టుకోరు. నిజానికి నరుకుడు జరిగేది ఈ రెండింటి మధ్యనే. వాటి మధ్య సందు చాలా యంత్రాల్లో ఒక మిల్లీమీటరుకు కొద్దిగా అటూఇటూగా ఉంటుంది. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది, సన్నని రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో సరిచూడవచ్చు. సందు పెరిగిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం విప్పే పని కూడా లేదు. బయటికి వచ్చిన ముక్కలను గుప్పెడు తీసుకుని చూస్తే చాలు. కత్తులు పదునుగా ఉండి సందు సరిగా ఉంటే ముక్కలు బిళ్లల్లా, అంచులు తేటగా, దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. సందు పెరిగితే ప్రతి ముక్కకూ బెరడు పీచు తోకలా వేలాడుతుంది, సన్న రెమ్మలు నరకబడకుండానే నిలువునా జారి వస్తాయి. నాసిరకం యంత్రాల్లో కింది కత్తికి సర్దుబాటు రంధ్రాలే ఉండవు; దాన్ని చట్రానికి వెల్డింగ్ చేసి ఇచ్చిన యంత్రాన్ని కూడా చూశాను. అది అరిగిన రోజున యజమాని ఏం చేయాలో తయారుచేసినవారు ఆలోచించలేదు. అటువంటి దాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

సాన పట్టించడంలో కూడా జాగ్రత్త కావాలి. వీధి గ్రైండర్ మీద నీళ్లు లేకుండా రుద్దితే అంచు నీలం రంగుకు తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే అక్కడ గట్టిదనం పోయినట్లే. అటువంటి కత్తి రెండు పూటలకే మొండిబారుతుంది. నీటి ధారతో సర్ఫేస్ గ్రైండింగ్ చేసేవారి దగ్గరే, అన్ని కత్తులనూ ఒకేసారి, ఒకే కొలతకు తీయించాలి. ఒక కత్తి తేలికై మరొకటి బరువుగా మిగిలితే చక్రం తూకం తప్పుతుంది, ఆ అదురు నేరుగా బేరింగుల మీద పడుతుంది. మట్టి అంటిన వేళ్లు, మొదళ్లు వేయకపోతే పదును ఎన్నో రెట్లు నిలుస్తుందని మా అందరి అనుభవం.

బేరింగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కేసింగ్ పలక మీద నేరుగా బిగించిన బేరింగు కంటే, ప్రత్యేకంగా దిమ్మెలాంటి మందపాటి ఆధారం మీద కూర్చోబెట్టిన బేరింగు మెరుగు. గ్రీజు నిపుల్ చేతికందే చోట ఉందా అన్నది చూడాలి, ఎందుకంటే అందని నిపుల్‌కు గ్రీజు పెట్టేవారు ఉండరు.

పీటీఓ షాఫ్టు మీద మాత్రం కొంచెం ఎక్కువ చెప్పక తప్పదు. చిప్పర్‌తో వచ్చే షాఫ్టును మన ట్రాక్టర్‌కు తగిన పొడవుకు కోయించుకోవాలి. పొడవు ఎక్కువైతే లిఫ్ట్ ఎత్తినప్పుడు షాఫ్టులోని రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి అడుగంటా దిగి బేరింగును, గేర్‌బాక్సును గుద్దుతాయి. ఆ షాఫ్టులో ఒక షియర్ బోల్టు ఉంటుంది. కొమ్మ ఇరుక్కుని చక్రం ఒక్కసారిగా ఆగితే ట్రాక్టర్‌కు, యంత్రానికి నష్టం లేకుండా అది తెగిపోవాలి. శంకర్‌పల్లి వైపు ఒక తోటలో డ్రైవర్, "మాటిమాటికి తెగుతున్నది సార్, అందుకే గట్టిది వేసిన" అని చెప్పాడు. ఆ గట్టి బోల్టు తెగలేదు, గేర్ల పళ్లు తెగాయి. బోల్టు తరచుగా తెగుతోందంటే కత్తులు మొండిబారాయనో, లావు కొమ్మలు వేస్తున్నారనో, వేగం చాలడం లేదనో అర్థం చేసుకుని ఆ కారణాన్ని సరిచేయాలి. తెగినప్పుడు గట్టిది వేయాల్సిన అవసరం రాకుండా అదే గ్రేడు షియర్ బోల్టులు డజను యంత్రంతో పాటే అడిగి తీసుకోవాలి.

కొమ్మను లోపలికి లాగుకునే పద్ధతిలో రెండు రకాలున్నాయి. కత్తి కోణం వల్ల కొమ్మ దానంతట అదే లోపలికి పోయేది ఒకటి, హైడ్రాలిక్ మోటారుతో తిరిగే రోలర్ లాగేది మరొకటి. నిటారుగా ఉన్న సుబాబుల్, నీలగిరి, సరుగుడు కొమ్మలకు మొదటిది చాలు. మామిడి కొమ్మలు అలా ఉండవు. పంగలు పంగలుగా, వంకరగా ఉండి నోటి దగ్గరే అడ్డం పడతాయి. కత్తిరింపు వ్యర్థాలే ప్రధానమైన తోటకు రోలర్ ఉన్న యంత్రమే సుఖమని, ధర ఎక్కువైనా ఒక మనిషి కూలి మిగులుతుందని చేవెళ్ల వైపు మామిడి రైతులు చెప్పారు. వారి మాటతో ఏకీభవిస్తాను. అయితే ఆ రోలర్‌కు వేగం పడిపోగానే దానంతట అదే ఆగే ఏర్పాటు, వెనక్కి తిప్పే లివర్ రెండూ ఉండాలి. కొబ్బరి, తాటి మట్టలకు మాత్రం ఇటువంటి కత్తుల చిప్పర్లు అంతగా సరిపోవు. పీచు షాఫ్టుకు చుట్టుకుని బేరింగు సీళ్లలోకి దూరుతుంది. వాటికి సుత్తెలతో చితక్కొట్టే ష్రెడ్డర్ వేరే ఉంది. వానాకాలంలో తడి ఆకు దండిగా వేస్తే బయటికి చిమ్మే గొట్టం పూడుకుపోతుంది. పైమూతకు కీలు ఉంటే పది నిమిషాల పని, డజను బోల్టులుంటే పూట గడిచిపోతుంది.

మూత తెరిచే సందర్భంలోనే ప్రమాదాలు జరుగుతాయి. పీటీఓ ఆపిన తరువాత కూడా బరువైన చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగి, ట్రాక్టర్ తాళంచెవి జేబులో పడ్డాకే మూత మీద చెయ్యి వేయాలి. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది చుట్లు. షాఫ్టుకు తగిలిన తువ్వాలు, లుంగీ, చీర కొంగును వెనక్కి లాక్కునే సమయం ఏ మనిషికీ దొరకదు. అయినా షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలిపోయి, అలాగే నడుస్తున్న యంత్రాలను చూస్తూనే ఉన్నాను. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్న రైతుల కోసం మన దేశంలో 1983లోనే ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. చిప్పర్ కొనేవారు కూడా కొమ్మలు వేసే తొట్టి నోటి అంచు నుంచి కత్తుల వరకు ఉన్న దూరం మనిషి చేతికి అందనంత ఉందో లేదో స్వయంగా చెయ్యి చాచి, యంత్రం ఆగి ఉన్నప్పుడు, కొలిచి చూడాలి. తొట్టి పొట్టిగా ఉన్న యంత్రాన్ని నేను సిఫారసు చేయను, మిగతావన్నీ బాగున్నా సరే.

సర్వీసు విషయంలో ఊరి దగ్గర ఉన్న లాభం హైదరాబాద్ వారికి తెలిసిందే. బేరింగులు, బెల్టులు, హైటెన్సైల్ బోల్టులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. లేత్, మిల్లింగ్, హీట్ ట్రీట్‌మెంట్ పనులు బాలానగర్, జీడిమెట్లలో జరుగుతాయి. కాబట్టి ప్రామాణిక సైజు బేరింగు, ప్రామాణిక బెల్టు వాడిన యంత్రం ఇక్కడ ఎప్పటికీ మూలన పడదు. కంపెనీ దగ్గర మాత్రమే దొరికే ప్రత్యేక భాగాలున్న యంత్రంతోనే చిక్కు. మాకు అమ్మిన డీలర్ కొనేటప్పుడు ఏడాది వారంటీ అని చెప్పి, బేరింగు పోయినప్పుడు అది అరిగే భాగాల కింద వస్తుందని చేతులెత్తేశాడు. కత్తులు అరిగే భాగాలంటే ఒప్పుకోవచ్చు. మొదటి సీజన్‌లోనే పోయిన బేరింగును అలా అనడం అన్యాయం. వారంటీలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో బిల్లు మీదే పేరుపేరునా రాయించుకోవాలని అందుకే చెబుతున్నాను.

ఇన్ని చెప్పినా, సరైన యంత్రం తోటకు చేసే మేలు చిన్నది కాదు. ఆ ముక్కలను చెట్ల కింద పరిచిన చోట వేసవిలో కూడా నేల తేమగా ఉంటుంది, కలుపు తగ్గుతుంది. వాటిని పచ్చిగా మట్టిలో కలిపేస్తే కుళ్లే సమయంలో నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి కాబట్టి పైపొరగా పరచడమే మేలు.

నాలుగైదు ఎకరాల తోట ఉన్నవారు సొంతంగా కొనడం కంటే కత్తిరింపుల కాలంలో కిరాయికి తెచ్చుకోవడమో, నలుగురు కలిసి కొనడమో నయం. పదెకరాలు దాటినవారు, నర్సరీలవారు కొనవచ్చు. అడ్వాన్సు ఇచ్చే ముందు యంత్రాన్ని మన ట్రాక్టర్‌కే తగిలించి, మన తోటలోని మామిడి పంగ కొమ్మలనే వేయించి అరగంట ఆగకుండా నడిపించమనాలి. ఆగిన వెంటనే బేరింగు దిమ్మె ఎంత వేడెక్కిందో చూడాలి, కత్తుల బోల్టులు వదులయ్యాయేమో పానాతో తట్టి చూడాలి, గుప్పెడు ముక్కలు తీసి అంచులు పరిశీలించాలి. వీటికి ఒప్పుకోని డీలర్ దగ్గర కొనకపోవడం మంచిది. ఒప్పుకున్న డీలర్ దగ్గర మరో జత కత్తులు, ఒక కింది కత్తి, షియర్ బోల్టులు అదే బిల్లులో వేయించుకోవాలి.