తెలుగులో సినిమా న్యూస్‌లెటర్: సర్వీసు బాగుంది, ఉత్తరమే సగంలో తెగుతోంది

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ల కోసం వారం వారం ఒక సినిమా ఉత్తరం పంపుతుంటాను. ఈ వారం థియేటర్‌కి వెళ్లి చూడాల్సింది ఏది, నెల ఆగితే ఇంట్లోనే చూడగలిగేది ఏది, ఏ సినిమా ఏ యాప్‌లో ఉంది, ఏది త్వరలో వెళ్లిపోతోంది, ఇవే అందులో ఉంటాయి. మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. అప్పటినుంచీ ఒకే న్యూస్‌లెటర్ సర్వీసు వాడుతున్నాను. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అయితే అది చిన్నది కాదు. తెలుగులో రాసిన ఉత్తరం ఎంత బరువుందో, అంటే ఎన్ని కిలోబైట్లుందో, ఆ సర్వీసు మనకి చెప్పదు. చెప్పకపోవడం వల్ల పండగ వారాల్లో నా ఉత్తరం చాలామందికి పూర్తిగా చేరలేదు.

సర్వీసు పేరు రాయడం లేదు. ఇలాంటి సర్వీసు ఏది తీసుకున్నా తెలుగులో రాసేవాళ్లకి ఇదే ఎదురుకావచ్చు. ఖాతా ఎలా తెరవాలి, ఏ ప్లాన్‌లో ఎంతమందికి పంపొచ్చు లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

ముందు నచ్చింది చెప్తాను. ఎడిటర్ తెలుగుని చక్కగా చూపిస్తుంది. వత్తులు విడిపోవు, ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పిన వాక్యం కూడా కుదురుగా కూర్చుంటుంది. అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది సినిమా కార్డు. పోస్టర్, పక్కన పేరు, కింద రెండు వాక్యాలు, ఏ యాప్‌లో ఉందో చెప్పే చిన్న బటన్. ఒకసారి తయారుచేసి పెట్టుకుంటే ప్రతి వారం పేర్లు మార్చుకుంటే చాలు. ఆఫీసు అయ్యాక గురువారం రాత్రి కూర్చుని రాసే నాలాంటివాళ్లకి అది పెద్ద సాయం. న్యూస్‌లెటర్ మొదలుపెడతామన్న స్నేహితులందరికీ ఆ కార్డు చూపించి మరీ ఈ సర్వీసే తీసుకోమన్నాను.

ఉత్తరం పైభాగంలో కొత్త సినిమాలుంటాయి. అది రాయడం సులువు, ఎందుకంటే వాటి గురించి అందరూ మాట్లాడుతూనే ఉంటారు. బెంగళూరులో అసలు ప్రశ్న డబ్బుది. పెద్ద తెలుగు సినిమా విడుదలైన వారాంతంలో ఇక్కడి మల్టీప్లెక్స్‌లో నలుగురు వెళ్లొచ్చే ఖర్చుతో ఏదో ఒక యాప్‌కి ఏడాది చందా కట్టొచ్చు. 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం పన్ను కాకుండా 200 రూపాయలు దాటకూడదని టికెట్ ధరకి హద్దు పెట్టింది. అదే నెలలో హైకోర్టు దాన్ని నిలిపేసింది. ఆ రోజుల్లో నాకు వచ్చిన జవాబులన్నీ ఒకటే అడిగాయి: ఇప్పుడు వెళ్లాలా, ఆగాలా? ఆగితే ఎన్నాళ్లు ఆగాలన్నది కూడా తేలని విషయమే. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి మాట్లాడుకున్నప్పుడు ఎనిమిది వారాల గడువు అన్నారు. ఆ తర్వాత కూడా చాలా తెలుగు సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీలోకి వస్తున్నాయి. ఇక్కడి ఊర్వశి థియేటర్‌లో పెద్ద తెర మీద చూస్తేనే బాగుండే సినిమా ఏది, నాలుగు వారాలు ఆగినా నష్టం లేనిది ఏది అని తేల్చి చెప్పడమే ఆ పైభాగం పని.

నాకు ఇష్టమైన భాగం మాత్రం అడుగున ఉంటుంది. అందులో రెండు శీర్షికలు: పాత సినిమా ఒకటి, ఆ వారం వెళ్లిపోతున్నవి. యాప్‌లలో సినిమాలు శాశ్వతంగా ఉండవు. హక్కుల గడువు తీరగానే మాయమైపోతాయి, కొన్ని ఇంకో యాప్‌లో తేలతాయి, కొన్ని ఎక్కడా తేలవు. నెట్‌ఫ్లిక్స్ అయితే సినిమా పేజీలో చివరి తేదీ చూపిస్తుంది, కానీ ఆ పేజీ తెరిచినవాళ్లకే అది కనిపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో రెండు యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయినప్పుడు నా పాత లింకులన్నీ మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5 ఇలా అన్నీ తిరిగి చూసి ఆ అడుగు భాగం రాస్తాను. ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది దానికే. తేదీ దాటితే పనికిరాని సమాచారం కూడా అదే.

ఆ భాగంలోని లింకుల మీద క్లిక్‌లు ఒక వారం బాగుండేవి, మరో వారం దాదాపు సున్నా. ఎందుకో అర్థం కాలేదు. సంక్రాంతి వారంలో మరీ ఘోరం. ఆ వారం ఉత్తరం అందుకున్న ఒక రిటైర్డ్ టీచర్‌గారు జవాబు రాశారు. వాళ్లది అనంతపురం, వైట్‌ఫీల్డ్‌లో కొడుకు దగ్గర ఉంటారు. "ఏమ్మా, పాత సినిమా రాయడం మానేశావా? మా ఇంట్లో ఆవిడా నేనూ దానికోసమే చూస్తుంటాం" అని. "లేదు సార్, ఈ వారం కూడా రాశాను, అడుగున చూడండి" అన్నాను. ఆయన ఓపిగ్గా ఫోన్ తెర ఫొటో తీసి పంపారు. ఏడో సినిమా కార్డు మధ్యలో, వాక్యం సగంలో ఉత్తరం ఆగిపోయి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో, మెయిల్ కత్తిరించాం, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అని ఒక లైను. అరవై దాటిన మనిషి ఆ లైను ఎందుకు చదువుతారు? ఉత్తరం అయిపోయిందనుకున్నారు. చదివే ఓపికున్న నా తోటివాళ్లని అడిగితే వాళ్లూ అదే అన్నారు.

కారణం ఇది. జీమెయిల్ ఒక మెయిల్‌లో సుమారు 102 కిలోబైట్ల దాకానే చూపించి మిగతాది ఆ లింకు వెనక పెడుతుంది. ఈ హద్దు కొత్తదీ కాదు, రహస్యమూ కాదు. నా కోపం దాని మీద కాదు. ఇంగ్లీషులో రాసేవాళ్లకి ఆ హద్దు చాలా దూరంలో ఉంటుంది. తెలుగుకి అలా కాదు. అక్షరాల్ని దాచుకోవడానికి కంప్యూటర్ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి వేరేగా 3, పొల్లుకి వేరేగా 3. సినిమా అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో 6 బైట్లు. తెలుగులో కంటికి మూడక్షరాలే, కానీ లోపల స, గుడి, న, గుడి, మ, దీర్ఘం అని ఆరు గుర్తులు, 18 బైట్లు. కొన్ని పాత టెంప్లేట్లు తెలుగు గుర్తుని అంకెల కోడ్‌గా మార్చి పంపుతాయి. అప్పుడు ఒక్కో గుర్తుకి 7 బైట్లు.

అంటే ఒకే విషయం, ఒకే పొడవు, కానీ ఉత్తరంలోని తెలుగు రాత దాదాపు మూడింతల బరువుతో బయల్దేరుతుంది. దాని మీద నేను అంత మెచ్చుకున్న సినిమా కార్డు. రెండు వాక్యాలున్న ఒక్కో కార్డు చుట్టూ రంగు, అంచు, బటన్, ఫోన్‌లో ఎలా సర్దుకోవాలో చెప్పే కోడ్ వేల అక్షరాలుంటుంది. క్లిక్‌లు లెక్కపెట్టడానికి సర్వీసు ప్రతి లింకునీ తన పొడవాటి లింకుగా మారుస్తుంది. గూగుల్ డాక్స్‌లో రాసుకుని తెచ్చి అతికిస్తే ప్రతి పేరాకీ ఫాంటు వివరాలు అంటుకుని వస్తాయి. సంక్రాంతి ఉత్తరం కోడ్‌ని ఫైలుగా సేవ్ చేసి చూస్తే 118 కిలోబైట్లుంది. మామూలు వారాల్లో 90 దగ్గర ఆగేది, అందుకే అప్పుడు పూర్తిగా చేరేది. సంక్రాంతికి, దసరాకి సినిమాలు ఎక్కువ, కార్డులు ఎక్కువ. జనం నిజంగా ఏం చూడాలా అని వెతికే వారంలోనే ఉత్తరం తెగింది. నాకు బాధ కలిగించింది అదే.

సర్వీసు వాళ్లకి వివరంగా రాశాను, ఆ ఫొటో కూడా జత చేశాను. మెయిల్ సరిగ్గానే వెళ్లింది, పోస్టర్ల సైజు తగ్గించండి అని జవాబొచ్చింది. ఆ సలహా పనికిరాదు. పోస్టర్లు మెయిల్‌లో ఉండవు, సర్వర్‌లో ఉంటాయి. మెయిల్‌లో ఉండేది వాటి చిరునామా మాత్రమే. పోస్టర్ పది కిలోబైట్లున్నా పది మెగాబైట్లున్నా ఆ 102లో లెక్క మారదు. ఇదే వివరించి మళ్లీ రాస్తే, ఉత్తరం చిన్నది చేసుకోండి అన్నారు. నేను అడిగింది చాలా చిన్న విషయం. ఎడిటర్ అడుగున పదాల లెక్క చూపిస్తారు కదా, దాని పక్కనే బరువు అంకె కూడా చూపించండి, 102కి దగ్గరపడితే ఎర్రగా చేయండి అని. ఇప్పటిదాకా రాలేదు.

తెగిన ఉత్తరంతో పోయేది నా అడుగు భాగం ఒక్కటే కాదు. ఉత్తరం ఎవరు తెరిచారో లెక్కపెట్టే కంటికి కనిపించని బొమ్మని ఈ సర్వీసు చివర్లో పెడుతుంది. చివర తెగితే ఆ బొమ్మ తెరుచుకోదు. చదివినవాళ్లు కూడా చదవనివాళ్ల లెక్కలోకి వెళ్తారు. అసలు ఆ లెక్కని నేను పూర్తిగా నమ్మను, ఎందుకంటే 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో బొమ్మల్ని ముందే తెరిచిపెట్టే పద్ధతి తెచ్చింది, అక్కడ చదవనివాళ్లు కూడా చదివినట్టే కనిపిస్తారు. ఇంతకన్నా ప్రమాదం, ఇక వద్దనుకునేవాళ్లు నొక్కాల్సిన లింకు కూడా అడుగునే ఉంటుంది. అది కనిపించకపోతే చేతికందే స్పామ్ బటన్ నొక్కేస్తారు. పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ కొత్త నియమాలు పెట్టింది, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు అని. నాలాంటి చిన్న ఉత్తరానికి పదిమంది కోపం కూడా ఎక్కువే.

ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తాను, తెలుగులో రాసేవాళ్లకి పనికొస్తుంది. కార్డులు పైనున్న మూడు సినిమాలకే పెడుతున్నాను. మిగతావి మామూలు పేరాలు, సినిమా పేరు ఒక్కటే బోల్డ్‌లో. బయట రాసుకున్నది ఫార్మాటింగ్ లేకుండా అతికిస్తాను. పండగ వారాల్లో ఉత్తరాన్ని రెండుగా చేశాను: గురువారం రాత్రి థియేటర్ సంగతులు, శనివారం పొద్దున ఇంట్లో చూసేవి. పంపేముందు నా జీమెయిల్‌కి టెస్ట్ పంపుకుని ఫోన్‌లో చివరిదాకా జరిపి చూస్తాను. టెస్ట్ పంపిన ప్రతిసారీ సబ్జెక్ట్ మార్చాలి. ఒకే సబ్జెక్ట్‌తో పంపితే అవన్నీ ఒకదాని కింద ఒకటి చేరి, తెగిందో లేదో తేలదు. వెళ్లిపోతున్న సినిమాల జాబితాని అడుగు నుంచి మధ్యలోకి తెచ్చాను. టీచర్‌గారి పాత సినిమా మాత్రం అడుగునే ఉంచాను, ఆయన అక్కడే వెతుకుతారు కాబట్టి.

ఇలా మార్చాక ఉత్తరం సాదాగా కనిపిస్తోంది, అది నిజం. మొదట్లో ఉన్న రంగులూ బటన్లూ చాలావరకు లేవు. కొందరు ఇది పాత ఉత్తరంలా లేదు, ఏదో తగ్గిందన్నారు. మెట్రోలో నిలబడి ఫోన్‌లో చదివేవాళ్లు మాత్రం ఇదే హాయిగా ఉందన్నారు. నాకు కూడా ఇదే నచ్చుతోంది, కానీ కార్డు చూసి ఈ సర్వీసు తీసుకున్న స్నేహితులకి ఏం చెప్పాలో ఇంకా తెలియడం లేదు. వాళ్లలో ఒకరు వంటల ఉత్తరం ఇంగ్లీషులో పంపుతారు, ఆయనకి ఈ సమస్యే రాలేదు.

మిగతావి క్లుప్తంగా. డబ్బు డాలర్లలో బ్యాంకు కార్డు మీద కట్టాలి, యూపీఐ లేదు. కార్డు గడువు మారినప్పుడు ఆటోపేకి మళ్లీ అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఉత్తరం చాలామందికి జీమెయిల్‌లో ప్రకటనల మెయిళ్లు చేరే ప్రమోషన్స్ ట్యాబ్‌లోకి వెళ్తుంది. ఒక్కసారి జవాబు రాసినవాళ్లకి ఎక్కువగా ఇన్‌బాక్స్‌లోకే వస్తోందని నా చదువరులు చెప్పారు. అందుకే ప్రతి ఉత్తరంలో ఏదో ఒకటి అడుగుతాను. జవాబు నేరుగా నా మెయిల్‌కి రావడం ఈ సర్వీసులో నిజంగా విలువైన విషయం. అది లేకపోతే ఆ తెర ఫొటో నాకు వచ్చేదే కాదు.

ఇంగ్లీషులో రాసేవాళ్లకి, తెలుగులో రాసినా వారానికి నాలుగైదు సినిమాలు దాటనివాళ్లకి నేను ఇప్పటికీ ఇదే తీసుకోమంటాను. పొడవుగా తెలుగులో రాసేవాళ్లు ముందు ఉచిత ప్లాన్‌లో ఒక పండగ వారం ఉత్తరం తయారుచేసి, బరువు చూసి, అప్పుడు డబ్బు కట్టండి. ఉద్యోగం చేస్తూ రాత్రిపూట రాసేదాన్ని కాబట్టి సొంత సర్వర్ పెట్టుకునే తీరిక నాకు లేదు, అది ఉన్నవాళ్ల లెక్క వేరు. వచ్చే సంక్రాంతి దాకా ఇక్కడే ఉంటాను. అప్పటికి కూడా ఎడిటర్‌లో ఆ బరువు అంకె రాకపోతే మారిపోతాను. చదువరుల చిరునామాల జాబితాని ఎప్పుడంటే అప్పుడు ఫైలుగా తీసుకోనిస్తారు కాబట్టి మారడం కష్టం కాదు.