బీపీ మాత్రల కోసం నల్లగొండ పోవాలా, పల్లె దవాఖానలో వీడియో కాల్ చాలా: ఏది మేలు?

చందంపేట, నేరేడుగొమ్ము వైపు తండాల్లో బీపీ ఉన్నవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, దేవరకొండ మీదుగా బస్సులో నల్లగొండ పోయి పెద్ద డాక్టర్‌కు చూపించుకోవడం. రెండోది, ఊళ్లోని పల్లె దవాఖానలో ఈ-సంజీవని (దూరం నుంచే డాక్టర్‌కు చూపించుకునే ప్రభుత్వ సేవ) వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడటం.

నెలనెలా చూపించుకోవడానికైతే నా ఓటు వీడియో కాల్‌కే. బీపీకి నొప్పి ఉండదు. నొప్పి లేని జబ్బు కోసం పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని ఎన్ని నెలలు తిరుగుతారు? నాలుగు రోజులు బాగుంటే మాత్రలు ఆపేస్తారు. గుండెపోటుకు, పక్షవాతానికి దారి తీసేది అదే. 2017లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమాన్ని ముందుగా చేపట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఊరికి దగ్గర్లో మందులివ్వడం, మానేసినవాళ్లను వెతికి మళ్లీ పిలవడం అందులో ముఖ్యమైన పనులు. ఆ పని నల్లగొండలో కూర్చున్న స్పెషలిస్టు వల్ల కాదు. ఎవరింట్లో పచ్చడి లేనిదే ముద్ద దిగదో, ఎవరు బీడీ మానలేదో తెలిసిన ఏఎన్ఎమ్మక్క, ఆశక్క వల్లే అవుతుంది.

అయితే తెర మీది డాక్టర్ నమ్మేది ఇక్కడ చూసిన అంకెనే. నడిచి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ కట్టి చూస్తే బీపీ ఎక్కువే వస్తుంది. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి, చొక్కా చెయ్యి పైకి తీయాలి, అరగంట ముందు నుంచి టీ, బీడీ ఉండకూడదు. అంకె తప్పయితే మందూ తప్పుతుంది. కాల్ అయ్యాక మాత్రలు అక్కడే చేతికివ్వాలి. చీటీ రాసి మెడికల్ షాపుకు పంపితే లాభమేముంది?

వీడియోలో కుదరనివీ ఉన్నాయి. స్టెతస్కోప్ పెట్టి గుండె చప్పుడు వినలేరు, ఎకో (గుండె స్కాన్) తీయలేరు. బీపీ 180/110 దాటినా, నాలుగడుగులకే ఆయాసం వచ్చినా, పాదాలు వాచినా ఎదురుగా చూపించుకోవాల్సిందే. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే మాత్రం రెండు దారులూ వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

బీపీ కొత్తగా బయటపడినవాళ్లు ఒక్కసారి నల్లగొండ పోయి ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు చేయించుకోవడం మంచిది. ఆ రిపోర్టులు తెచ్చి పల్లె దవాఖానలో చూపించాలి; అవి లేకపోతే వీడియోలో ఉన్న డాక్టర్‌కు సగమే తెలుస్తుంది.