21 రోజుల్లో పుచ్చు మాయమంట.. మాయమైంది నా 1,150 రూపాయలు

రీల్స్‌లో పిల్లల పళ్ళపొడి అమ్ముతాడే, లీలామహల్ దగ్గర షాపు పెట్టినాయన, ఆయన సంగతే. పేరు రాయను, తిరుపతోళ్ళకి చెప్పక్కర్లేదు.

పాపకి నాలుగేళ్ళు. పైన ముందు పళ్ళు నల్లబడినాయి, వెనక దవడ పంట్లో గుంత. డెంటిస్టు దగ్గరికి పోదామంటే మా అత్త "పాల పళ్ళే కదమ్మా, ఊడిపోయేవే" అనింది, నాకూ అదే కావాల్సింది. రెండు డబ్బాలు తెచ్చినా. ఫ్లోరైడ్ లేదు, కెమికల్ లేదు, 21 రోజుల్లో గుంత పూడిపోతుందంట. మున్సిపాలిటీ రోడ్డు గుంతే పూడదు, పంటి గుంత పూడుతుందా! ఈ తెలివి అప్పుడు రాలా.

40 రోజులు రుద్దినా. మొన్న అర్ధరాత్రి ఒకటే ఏడుపు, తెల్లారేసరికి బుగ్గ ఉబ్బిపోయింది. డాక్టరమ్మ చూసి నరం దాకా పోయింది, చీము పట్టింది అనింది. ఆ దవడ పన్ను పది పన్నెండేళ్ళ దాకా ఉండాలంట, ముందే పీకేస్తే పక్క పళ్ళు జరిగి తర్వాత వచ్చేది వంకరగా వస్తుందంట. ఏంటితో తోముతున్నారంటే డబ్బా చూపించినా. ఆమె ఏమీ అనలా, పక్కన పెట్టేసింది. తిట్టింటే బాగుండు.

అట్నుంచి అటే షాపుకి పోయినా, వాచిన బుగ్గతో పాపని చంకనేసుకోని. డబ్బులు కూడా అడగలా, చూడన్నా ఇట్లయిందని చెప్పినా అంతే. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "పాల పళ్ళే కదమ్మా, ఊడిపోయేవే, దానికింత రచ్చెందుకు" అన్నాడు. అమ్మేటప్పుడు పాల పళ్ళే పునాదమ్మా అన్న నోరే అది! కొంటా ఉన్న ఇద్దరు కూడా నవ్వినారు. ఒళ్ళు మండింది గానీ నాకు నోరు లేవలా, ఎందుకంటే ఆ మాట మా ఇంట్లోదే, నేనే తలూపిన మాట. పైగా "రాత్రి పాలసీసా ఇచ్చింటారు, అది మీ తప్పు" అంట. ఇచ్చినా, చక్కెరేసి మరీ, సీసా నోట్లో పెట్టుకోనే నిద్రపోయేది. దర్శనానికొచ్చే చుట్టాలంతా దిగేది కూడా మా ఇంట్లోనే, లడ్డూకి కరువు లేదు. ఆ సంగతి డబ్బు తీసుకోకముందు అడగాల కదా సామీ? సీలు విప్పని రెండో డబ్బా కూడా వెనక్కి తీసుకోనన్నాడు.

ఆ నవ్విన ఇద్దరి కోసమే రాస్తా ఉండా. గుంత కనిపిస్తే నేరుగా డెంటిస్టు దగ్గరికి పోండి. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, తర్వాత బఠాణీ గింజంత ఫ్లోరైడ్ (పన్ను పుచ్చకుండా కాపాడేది అదేనంట) ఉన్న పేస్టు, ఏడెనిమిదేళ్ళ దాకా మనమే తోమాలంట. రాత్రి సీసా మానిపించండి.

రెండో డబ్బా అట్నే ఉంది, ఎవరికన్నా కావాలంటే ఊరికే ఇస్తా, గిన్నెలు తోముకోండి.