చివరి బస్సా, చివరి పరుగా: ఇన్‌జెల్‌లో ఆల్‌రౌండ్ పోటీలు చూసి వచ్చాక

శుక్రవారం రాత్రి బస్సు స్టాపులో నిలబడి ఉండగా స్టేడియం వైపు నుంచి పెద్ద హోరు వినిపించింది. లోపల మంచు మీద జరిగే స్పీడ్ స్కేటింగ్‌లో పురుషుల స్ప్రింట్ (పొట్టి దూరాల) ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ తేల్చే ఆఖరి వెయ్యి మీటర్లు జరుగుతున్నాయి. చైనా స్కేటర్ నింగ్ జోంగ్‌యాన్ గెలిచిన సంగతి ఫోనులో చూసి తెలుసుకున్నాం. అంత దూరం వెళ్లి, అసలు ఘట్టాన్ని ఫోనులో చదువుకోవలసి వచ్చింది. మా బస ట్రౌన్‌స్టైన్ పట్టణంలో ఉండటం, అక్కడికి వెళ్లే చివరి బస్సు పోటీ ముగిసేదాకా ఆగకపోవడమే అందుకు కారణం. ఈ వ్యాసం రాయాలని అనుకున్నది ఆ స్టాపులోనే. స్పీడ్ స్కేటింగ్ పోటీలకు వెళ్లేవారు టిక్కెట్టు కన్నా ముందు చూసుకోవలసింది బస.

ఇది 2024 మార్చి మాట. జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గరగా, ఆల్ప్స్ కొండల అంచున ఇన్‌జెల్ అనే ఊరు ఉంది. అక్కడి మాక్స్ ఐషర్ అరీనాలో 7, 8 తేదీల్లో స్ప్రింట్, 9, 10 తేదీల్లో పొట్టి, పొడుగు దూరాలన్నీ కలిపి లెక్కించే ఆల్‌రౌండ్ ప్రపంచ పోటీలు జరిగాయి. నా మనసంతా ఆల్‌రౌండ్ మీదే. అంతకు ముందు ఏడాది మార్చిలో నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వేన్‌లో ఒక్కొక్క దూరానికి వేరుగా విజేతను తేల్చే విడి దూరాల ప్రపంచ పోటీలు చూశాను. పద్దెనిమిదేళ్ల అమెరికా కుర్రాడు జోర్డాన్ స్టోల్జ్ అక్కడ 500, 1000, 1500 మీటర్లు మూడూ గెలిచాడు. ఇంత వేగం ఉన్నవాడు పది వేల మీటర్లు కూడా పరుగెత్తవలసి వస్తే ఏమవుతుందో చూడాలన్న కోరిక అప్పుడే పుట్టింది.

జర్మనీలో చదువుకుంటున్న మా తమ్ముడు తోడు వచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 7వ తేదీన రైలులో బయలుదేరాలని అనుకున్నాం. ఇంతలో రైలు డ్రైవర్ల సమ్మె ప్రకటన వచ్చింది. 7వ తేదీ తెల్లవారుజామున 2 గంటల నుంచి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట దాకా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోతాయన్నారు. ఒక రోజు ముందే బయలుదేరి, మ్యూనిక్‌లో రైలు మారి, 6వ తేదీ రాత్రికి ట్రౌన్‌స్టైన్ చేరాం. ఇది మ్యూనిక్, సాల్జ్‌బర్గ్ రైలు మార్గంలోనే ఉంటుంది. ఇన్‌జెల్‌కు రైలు లేదు, ఇక్కడి నుంచి బస్సులో అరగంటకు పైగా పడుతుంది. విమానంలో వచ్చేవారికి మ్యూనిక్ కన్నా సాల్జ్‌బర్గ్ విమానాశ్రయం చాలా దగ్గర.

ట్రౌన్‌స్టైన్‌లో మేము దిగిన హోటలులో లోపమేమీ లేదు. గది వెచ్చగా ఉంది, అల్పాహారం పుష్కలంగా పెట్టారు, స్టేషను నడిచి వెళ్లేంత దూరం. ఊరు చూడటానికి వచ్చినవారికి నేనూ దాన్నే సూచిస్తాను. స్ప్రింట్ పోటీలు సాయంత్రాలు జరగడంతోనే చిక్కు వచ్చింది. గురువారం చివరి బస్సు పరుగెత్తి అందుకున్నాం. శుక్రవారం జరిగింది పైన చెప్పాను. కారు ఉంటే ఈ బాధ ఉండదు. హాలండ్ నుంచి వచ్చిన అభిమానులు చాలామంది ఇల్లులాంటి పెద్ద వ్యానుల్లో వచ్చి, వాటిలోనే పడుకున్నారు.

శనివారం ఉదయం ఇన్‌జెల్‌కు మారాం. ముందుగా చెప్పిపెట్టుకున్న అతిథి గృహం ఒక వృద్ధ దంపతులది. మేడ మీద రెండు గదులు, చిన్న వంటగది, కొండ వైపు బాల్కనీ. స్టేడియానికి నడిచి పావుగంట. అద్దె హోటలు కన్నా ఎక్కువే అయింది, పోటీల వారం కాబట్టి తగ్గించమని అడిగే వీలు కూడా లేదు. పైగా మనిషికి ఇంతని ఊరి అతిథి పన్ను వేరే కట్టాలి. అయినా ఆ డబ్బు నాకు ఏ మాత్రం భారమనిపించలేదు. పరుగుల మధ్య విరామంలో ఇంటికి వచ్చి, అన్నం వండుకుని తిని, మళ్లీ వెళ్లి కూర్చున్నాం. ఒక్క జాగ్రత్త: అక్కడ ఆదివారం దుకాణాలు తెరవరు. కావలసిన కూరగాయలు, పాలు శనివారమే తెచ్చుకోవాలి. ఇంటావిడ ఆ మాట ముందే గుర్తు చేసింది. డబ్బు కూడా నోట్ల రూపంలోనే తీసుకుంది. చిన్న చిన్న చోట్ల కార్డు పనిచేయదు, కాబట్టి జేబులో యూరోలు ఉంచుకోవడం మంచిది.

స్టేడియం గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే. ఇన్‌జెల్ స్కేటర్లు మొదట సాధన చేసింది పక్క కొండల్లోని ఫ్రిల్లెన్‌జే అనే సరస్సు మీద. ఆ తరువాత 1960ల్లో ఊళ్లో ఆరుబయట కృత్రిమ మంచు రింకు వచ్చింది. 1968లోనూ 1972లోనూ 500 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఎర్హార్డ్ కెల్లర్ ఇక్కడ సాధన చేసినవాడే. దానికి 2011లో పైకప్పు వేసి ఇప్పటి రూపం ఇచ్చారు. లోపల అడ్డంగా ఒక్క స్తంభం కూడా ఉండదు. కప్పులోని కిటికీలన్నీ ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి, అందుకే ఎండ నేరుగా మంచు మీద పడకుండా వెలుగు మాత్రం దిగుతుంది. చుట్టూ గాజు గోడలు. స్కేటరు మలుపు తిరుగుతుంటే వెనక కొండ కనిపిస్తుంది. హీరెన్‌వేన్‌లోని తియాల్ఫ్ స్టేడియంలో పన్నెండు వేల మందికి పైగా పడతారు, నారింజ రంగు దుస్తుల్లో వచ్చే ఆ డచ్చి జనం చప్పుడుకు మన మాట మనకే వినపడదు. ఇన్‌జెల్‌లో జనం అంతకన్నా చాలా తక్కువ. కానీ ఇక్కడ మంచును కోసే స్కేటు బ్లేడు శబ్దం వినపడుతుంది. అది వినాలంటే ఇక్కడికే రావాలి.

మహిళల, పురుషుల ఆల్‌రౌండ్ ప్రపంచ పోటీలను ఒకే చోట, ఒకే వారాంతంలో కలిపి జరపడం మొదలైంది కూడా 1996లో ఈ ఊళ్లోనే. పురుషుల పోటీలకు 1893 నుంచి, మహిళల పోటీలకు 1936 నుంచి అధికారిక చరిత్ర ఉంది. అన్ని దశాబ్దాలు వేరువేరు ఊళ్లలో సాగిన రెండు పోటీలు కలిసిన చోట కూర్చున్నానన్న ఎరుక నన్ను రెండు రోజులూ వదలలేదు.

కొత్తగా చూసేవారి కోసం లెక్క చెబుతాను, అది తెలియకపోతే సగం ఆనందం పోతుంది. ఒక్కొక్కరు నాలుగు దూరాలు పరుగెత్తాలి. మొదటి రోజు మహిళలకు 500, 3000 మీటర్లు, పురుషులకు 500, 5000. రెండో రోజు అందరికీ 1500, ఆ తరువాత మహిళలకు 5000, పురుషులకు 10,000. ప్రతి పరుగు కాలాన్నీ 500 మీటర్లకు ఎన్ని సెకన్లు పట్టిందో ఆ లెక్కకు కుదించి, నాలుగూ కూడతారు. తక్కువ పాయింట్లు వచ్చినవారే విజేత. అంటే 500 మీటర్లలో అర సెకను వెనకబడినవాడు దాన్ని పూడ్చుకోవాలంటే పది వేల మీటర్లలో పది సెకన్లు లాగాలి. కండ బలంతో దూకే మనిషీ ఊపిరి బిగబట్టి ఓర్చే మనిషీ ఒకే శరీరంలో ఉండాలి. నా దృష్టిలో ఈ ఆటలో ఇంతకన్నా పెద్ద పరీక్ష లేదు. విడి దూరాల పతకాలకు ఒలింపిక్స్‌లో ఎంత వెలుగు ఉన్నా సరే.

శనివారం మా సీట్లు మలుపు దగ్గర. టిక్కెట్టు చవకని తీసుకున్నాను, అది సరైన ఎంపిక కాదు. స్కేటర్లు ఒరిగి వచ్చే తీరు అక్కడ అద్భుతంగా కనిపిస్తుంది కానీ, ఎవరు ముందున్నారో తెలియదు. ఆదివారానికి ముగింపు గీత ఉన్న వైపు తీసుకున్నాం. ల్యాపు కాలాలు చూపే తెర ఎదురుగా ఉంటుంది, శిక్షకులు పలక మీద అంకెలు చూపుతూ మంచు మీదికి వంగి అరిచేది ఎదుటి వైపు దారిలో కనిపిస్తుంది. ధర తేడాకు తగిన చోటు అది. ఒకటి మాత్రం మరచిపోవద్దు: పైకప్పు ఉంది కదా అని పలుచటి స్వెట్టరుతో వెళ్లవద్దు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే చలి కాళ్ల నుంచి పైకి ఎక్కుతుంది. రెండు జతల మేజోళ్లు, కింద వేసుకోవడానికి మందపాటి గుడ్డ ఉండాలి.

తిండి దగ్గరికి వస్తే, లోపలి దుకాణాల్లో రొట్టెలో పెట్టిన సాసేజీలు, వేయించిన బంగాళాదుంపలు, కాఫీ, బీరు. శాకాహారులకు ఉప్పు అద్దిన బ్రెట్జెల్ రొట్టె తప్ప చెప్పుకోదగ్గది మాకు దొరకలేదు. వరుసలు పొడుగ్గా ఉన్నా సర్దుకున్నారు. ఊళ్లోని ఒక భోజనశాలలో శనివారం రాత్రి తిన్న కేజె ష్పెట్స్‌లె మాత్రం ఈ ప్రయాణం మొత్తానికీ మంచి భోజనం. చీజు కరిగించి కలిపిన పిండి ముద్దల మీద ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. చలిలో కూర్చుని వచ్చినవారికి అది ప్రాణం లేచి వచ్చే తిండి.

ఆదివారం. మహిళల్లో నెదర్లాండ్స్ స్కేటర్ జోయ్ బ్యూనా ప్రపంచ విజేత అయింది. ఆమె 5000 మీటర్లు ముగించి, చేతులు మోకాళ్ల మీద ఆనించి, అలాగే జారుతూ మా ముందు నుంచి వెళ్లినప్పుడు పక్కనున్న డచ్చి పెద్దాయన టోపీ తీసి నిలబడ్డాడు. నేనూ లేచాను.

తరువాత పురుషుల 10,000. మూడు పరుగుల తరువాత మిగిలేది ఎనిమిది మంది, అంటే నాలుగు జతలు. ఒక్కొక్క జతకు ఇరవై ఐదు చుట్లు. తమ్ముడు మొదటి జతలో పదో చుట్టు దగ్గర అడిగాడు.

"అక్కా, ఇంకా పదిహేను చుట్లు ఇలాగేనా?"

"ఆ పక్కన అంకె చూడు. ప్రతి చుట్టుకూ ఎంత మారుతోందో అదే చూడు."

చూశాడు. ఒక చుట్టులో సెకనులో రెండు పదోవంతులు పెరిగితే శిక్షకుడి ముఖం ఎలా మారుతుందో గమనించాడు. ఆ తరువాత ప్రశ్న రాలేదు. మూడో జత వచ్చేసరికి వాడే నాకు చెప్పడం మొదలుపెట్టాడు, ఎవరు నిలకడగా ఉన్నారో, ఎవరి అడుగు కుదించుకుపోతోందో.

స్టోల్జ్ 500లోనూ 1500లోనూ కూడబెట్టుకున్న ఆధిక్యం పెద్దది. అయినా అతను పొట్టి దూరాల మనిషి. 2018 నుంచి వరుసగా మూడు సార్లు ఈ కిరీటం గెలిచిన డచ్చి వీరుడు పాట్రిక్ రూస్ట్‌కు దీర్ఘ దూరాలే బలం. ఒక చెయ్యి వీపు మీద పెట్టుకుని స్టోల్జ్ ఒక్కొక్క చుట్టూ లెక్కగా తిరుగుతుంటే, అతనికి ఊపిరి అందుతోందా లేదా అని నేను ఊపిరి బిగబట్టాను. నిలబడ్డాడు. నాలుగు దూరాలకు కలిపి 144.740 పాయింట్లు. అంతవరకు ప్రపంచంలో ఎవరికీ అంత తక్కువ రాలేదు. రూస్ట్‌కు రెండో స్థానం. గాలి పలుచగా ఉండి వేగానికి అనువైన కాల్గరీ, సాల్ట్ లేక్ సిటీ రింకులు వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉంటాయి. ఇన్‌జెల్ ఎత్తు సుమారు 700 మీటర్లే. ఆ ఎత్తులో, పందొమ్మిదేళ్ల వయసులో సాధించిన లెక్క అది.

పతకాలు ఇచ్చి, జాతీయ గీతం అయ్యేదాకా ఉన్నాం. వాద్యబృందం వాయిస్తూనే ఉంది. బయట స్టాపులో కొందరు గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నారు. మేము వాళ్లను దాటుకుని నడిచి ఇంటికి వెళ్లాం.

హీరెన్‌వేన్‌కు వెళ్లాలని అనుకునేవారికి ఒక మాట. అక్కడ ఊళ్లో గదులు తక్కువ, తొందరగా నిండిపోతాయి. నేను లేవార్డెన్‌లో ఉండి రైలులో తిరిగాను. రైళ్లు తరచుగా ఉన్నాయి కాబట్టి బెంగ లేకపోయింది. పండుగ వాతావరణం, రవాణా సదుపాయం కావాలంటే తియాల్ఫ్. ఆటను దగ్గరగా, ప్రశాంతంగా చూడాలంటే ఇన్‌జెల్. రెండింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను మళ్లీ ఇన్‌జెల్‌కే వెళతాను, కానీ ఊళ్లో గది దొరికితేనే.

సోమవారం ఉదయం ఫ్రిల్లెన్‌జేకు వెళ్లాం. ఆడ్ల్‌గాస్ అనే చోటి నుంచి అడవిలో ముప్పావుగంట నడక. దారిలో అక్కడక్కడా మంచు గట్టిపడి జారుతోంది, మంచి బూట్లు లేకుండా వెళ్లకూడదు. చెట్ల మధ్య చిన్న సరస్సు, పైన నిటారుగా కొండ. కొండ నీడ పడే ఒడ్డున ఇంకా సన్నటి మంచు పలక మిగిలి ఉంది. తమ్ముడు వంగి, దాని మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తీయలేదు.