పోకర్ యాప్‌లో నక్షత్రం గుర్తు: రెండేళ్ల వాడకం తర్వాత

ఈ యాప్‌లో నేను మనసారా మెచ్చుకునేది ఒక్కటే. ఆట ముగియగానే పక్కన కనిపించే చిన్న నక్షత్రం. దాన్ని నొక్కితే ఆ ఆట మొత్తం, ఎవరు ఎప్పుడు ఎంత కాశారో సహా, ఫోనులో దాచుకుంటుంది. తర్వాత ఒక్కో ముక్కా తిప్పి చూసుకోవచ్చు. ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే యాప్ ఇది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే నిషేధం, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. నేను ఆడేది ఆట మీది ఇష్టంతోనే.

మావి నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర రొయ్యల చెరువులు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగితే పంట చేతికి రాదు. అందుకే రాత్రి పన్నెండు నుంచి అయిదు దాకా గట్టు మీద మెలకువగా ఉంటాను. మొదట్లో ఆ వేళలో మూడు గంటలు ఆటే. ఆట గురించి చదవడం, లెక్కలు చూసుకోవడం అసలు లేవు. ఆడగా ఆడగా అదే వస్తుందనుకున్నాను. ఏడాది గడిచినా రాలేదు.

ఒక వానరాత్రి సిగ్నల్ పోయింది. ఆడే వీలు లేక, దాచిన ఆటలు తెరిచాను. అరవై రెండున్నాయి. మేత లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీలో ఒక్కోటీ రాసుకుంటూ పోయాను. ఒక ఆట ఇలా ఉంది: నా చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను తొమ్మిది. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే అయిదింటిలో మొదటి మూడు ముక్కల్లో రెండు ఆఠీన్లు. ఇంకొక్క ఆఠీను పడితే ఒకే గుర్తువి అయిదు కుదిరి, దాదాపు గెలిచినట్టే. నాలుగోది పనికిరాని కళావరు. మధ్యలో 600 చిప్స్ ఉన్నాయి, ఎదుటివాడు ఇంకో 600 కాశాడు. 1800లో నా వంతు 600 కాబట్టి, మూడింట ఒకసారైనా గెలిస్తేనే నాకు గిట్టుబాటు. ఆఠీను పడే అవకాశం 35 శాతం కదా అని నేనూ కాశాను. కానీ ఆ 35 శాతం ఇంకా రెండు ముక్కలు రావలసి ఉన్నప్పటి లెక్క. ఒక్క ముక్కే మిగిలితే, నాకు కనిపించని 46 ముక్కల్లో పనికొచ్చే ఆఠీన్లు తొమ్మిదే, అంటే ఇరవై శాతం కూడా లేదు. అరవై రెండింటిలో ఇరవై మూడు ఆటలు ఇదే తప్పుతో పోయాయి! ఏడాదిగా ఒకే గుంతలో పడుతున్నానని ఆ పేజీ చూస్తే తెలిసింది. ఆ రాత్రి కలిగిన సంతోషం ఇన్నేళ్లలో ఏ గెలుపూ ఇవ్వలేదు.

అప్పటి నుంచి గంట ఆట, నలభై నిమిషాలు చదువు. ముందు చదువు, తర్వాతే ఆట. వరస మారితే చదువు జరగదు.

నక్షత్రాన్ని అంతగా పొగిడాను కానీ, నేను ఓడిన ఆటలకే దాన్ని నొక్కేవాణ్ణి. అదే తప్పు చేసి, చివర ఆఠీను పడి గెలిచిన ఆటలు అందులో లేవు. అంటే ఆ ఇరవై మూడు కూడా పూర్తి లెక్క కాదు. ఇప్పుడు గెలిచినా ఓడినా ప్రతి అయిదో ఆటనూ దాస్తున్నాను. ఇంకొకటి, ఇవన్నీ ఫోనులోనే ఉంటాయి. వానరాత్రి నాకు పనికొచ్చింది అందుకే. పోయిన వేసవిలో ఫోను చెరువులో పడినప్పుడు నాలుగు నెలల ఆటలు పోయిందీ అందుకే. మేత పుస్తకంలో రాసుకున్నవే మిగిలాయి.

పందెం లేని చోట ఎదుటివాళ్లు దేనికైనా కాసేస్తారు కాబట్టి బెదిరించి గెలవడం ఇక్కడ నేర్చుకోలేం. లెక్కలు మాత్రం బాగా వస్తాయి. ఎలాగూ మేలుకోవలసిన రాత్రులు నావి, కాబట్టి నాకు సరిపోయింది. పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లేవారు నిద్ర మానుకుని దీని కోసం కూర్చోవాలని నేను చెప్పలేను. రొయ్యలు పట్టే నెలలో నేను కూడా ఆట మానేసి, చదువు ఒక్కటే ఉంచుకుంటాను. అదీ పావుగంట.